పన్ను జాబితాలోంచి నేను తీసేసిన పేరు

తొమ్మిదేళ్ల నుంచి ఒకే ఒక్క వాక్యం నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. పొద్దున్నే ఆఫీసు తాళం తీసేటప్పుడు ఉంటుంది. దుకాణంలో ఎవరైనా నన్ను చూసి నవ్వితే ఉంటుంది. ఈ ఊళ్లో అందరూ నన్ను మంచిదాన్నంటారు. అప్పుడు మరీ ఉంటుంది.

మా ఆయనకి చెప్పలేదు. ఒకటి రెండుసార్లు, "ఏమైంది, గట్లున్నవ్?" అని అడిగాడు. తలనొప్పి అన్నాను. ఆయన కరీంనగర్ మనిషి, తలనొప్పి అంటే వెంటనే చాయ్ పెట్టేస్తాడు. ఆ చాయ్ తాగుతూ కూడా చెప్పలేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లో తెలుగు చదవగలిగేది మేమిద్దరమే. మా అమ్మాయికి అక్షరాలు రావు. అంటే ఎవరికి చెప్పాలో వాళ్లకి అర్థంకాని భాషలో చెప్పుకుంటున్నానన్నమాట. ఇదీ పిరికితనమే. కాదని అనను. కానీ ముందు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. మీరెవరో నాకు తెలియదు, అదే కాస్త ధైర్యంగా ఉంది. కాసేపు కూర్చోండి.

నేను ఈ మంచు దేశంలోని సస్కటూన్ సిటీకి చదువుకోవడానికి వచ్చాను. చదువయ్యాక అక్కడికి గంటన్నర దూరంలో ఉన్న ఈ ఊళ్లో, టౌన్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం దొరికింది. చిన్న ఊళ్లో ఉద్యోగమైతే పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, సులువని ఎవరో అంటే చేరిపోయాను. ఊరి పేరు చెప్పను. ఊరంతా కలిపినా మా తెనాలిలో ఒక వీధికి చాలదు. గోధుమల గోదాం, ఐస్ రింకు, పోస్టాఫీసు, ఒక కిరాణా దుకాణం. ఆ దుకాణంలో ఒక మూల పొడుగాటి బల్ల ఉంది. రోజూ పొద్దున పదింటికి రిటైరైన రైతులూ డ్రైవర్లూ అక్కడ చేరి కాఫీ తాగుతారు. వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నేనెప్పుడూ పట్టించుకోలేదు. వానల గురించీ మోకాళ్ల గురించీ అనుకున్నాను.

ఆఫీసులో ఇద్దరమే. పెద్దావిడ పేరు డోరీన్. నాకు పనంతా నేర్పింది ఆవిడే. నీళ్ల బిల్లు ఎలా వేయాలో, కౌన్సిల్ మీటింగులో ఎవరు ఎంత అరిచినా మినిట్స్‌లో ఎంత తక్కువ రాయాలో, చలికాలం బూట్లు ఒక సైజు పెద్దవి ఎందుకు కొనుక్కోవాలో కూడా. నా పీఆర్ కాగితాలకి ఉత్తరం రాసిచ్చింది ఆవిడే.

మా ఆఫీసులో ఏడాదికోసారి వచ్చే పని ఒకటుంది. ఆస్తి పన్ను కట్టనివాళ్ల జాబితా తయారు చేయడం. వరసగా స్థలం నంబరు, పేరు, బకాయి. దాన్ని ఆఫీసు బయట బోర్డుకి అంటిస్తాం, ఊరి వారపత్రికలో వేయిస్తాం. వేసిన రోజు నుంచి రెండు నెలలు గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ ఇంటి పత్రం మీద టౌను హక్కు ఎక్కుతుంది. ఇంకొన్నాళ్లు పోతే ఇల్లే టౌనుదైపోవచ్చు. చట్టం అది. జాబితాలో పేరు రావడమంటే ఇల్లు పోయే దారిలో మొదటి మెట్టు అని నేను అనుకున్నాను. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం నాకు తెలియలేదు.

ఇక హెరాల్డ్ గురించి చెప్పాలి. ఇక్కడి నుంచి నాకు కష్టం.

హెరాల్డ్ ఈ ఊరి బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. నేను వచ్చిన మొదటి చలికాలం నాకు మంచు మీద కారు నడపడం నేర్పాడు. ఎవరూ అడగలేదు. నేను పోస్టాఫీసు ముందు కారు జర్రున జారిపోయి స్తంభానికి ఆనుకుని ఏడుస్తుంటే చూశాడు, అంతే. మర్నాటి నుంచి వారం రోజులు ఖాళీ బడి మైదానంలో తన పాత పికప్‌లో కూర్చోబెట్టి నేర్పాడు. "బ్రేకుని తొక్కకు, బతిమాలు" అనేవాడు. డబ్బులివ్వబోతే ముఖం ముడుచుకున్నాడు. వయసులో అంత పెద్దాయన్ని ఒట్టి పేరుతో పిలవడానికి నాకు నోరు రాక హెరాల్డ్ గారూ అనేదాన్ని. గారు అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. అయితే మా తమ్ముణ్ణి కూడా అలాగే పిలువు, వాణ్ణి ఎవరూ అంత మర్యాదగా పిలవరు అన్నాడు.

ఆ తమ్ముడు లెనీ. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. నేను చూసేనాటికి అరవై దాటాయి. అన్నదమ్ములిద్దరూ పెళ్లి చేసుకోలేదు. అక్క ఐరీన్ ఇద్దర్నీ చూసుకునేది. పుట్టిన ఇంట్లోనే ముగ్గురూ ముసలివాళ్లయ్యారు. ఆ ఇంట్లో లెనీ నడక చూస్తే ఆయనకి చూపు లేదని మీరు నమ్మరు. పొయ్యి దగ్గరికి వెళ్లి టీ పెట్టేవాడు, మెట్లు దిగి బట్టలు వాషర్‌లో వేసేవాడు. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో ఒక కుర్చీ కూడా జరపలేదు, ఆయన కోసం. వెనక తలుపు నుంచి గ్యారేజీ దాకా నడుమెత్తున తాడు కట్టి ఉండేది. ఆ తాడు పట్టుకుని మంచు తుఫానులో కూడా ఒక్కడే వెళ్లి కట్టెలు చీల్చి తెచ్చేవాడు. ఆ ఇల్లు దాటితే మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆ ఇల్లు ఉంటేనే లెనీ సొంతంగా తిరగగలడు, లేకపోతే లేదు. అది నాకు బాగా తెలుసు. గుర్తుపెట్టుకోండి, తెలిసే చేశాను.

నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఐరీన్ చనిపోయింది. కాగితాల పనంతా ఆవిడే చూసేది. ఆ తర్వాత ఒకసారి వాళ్లింటికి వెళ్తే బ్రెడ్ పెట్టుకునే డబ్బా నిండా విప్పని కవర్లు. కొన్నిటి మీద మా ఆఫీసు ముద్ర ఉంది. ఆ కవర్లు అతికించి పంపింది నేనే. హెరాల్డ్ ఆ డబ్బా మూత చప్పున వేసేశాడు. నేనూ చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

ఆ ఏడు జాబితాలో హెరాల్డ్ పేరు వచ్చింది.

స్క్రీన్ మీద ఆ పేరు చూడగానే నాకు గుర్తొచ్చింది మా నాన్న. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా బ్యాంకులో అమ్మ గాజులు కుదువ పెట్టి విడిపించలేకపోయాడు. బ్యాంకువాళ్లు వేలం ప్రకటన పేపర్లో వేశారు. జిల్లా పేజీలో, చీమల్లాంటి అక్షరాల్లో, మా నాన్న పేరు, ఇంటిపేరు, వీధి పేరుతో సహా. నాన్న తెల్లవారుతూనే పేపర్ కొట్టుకి వెళ్లి అక్కడున్న కాపీలన్నీ కొనేశాడు. ఏదో ఊరంతటికీ వచ్చిన పేపర్ని ఆయన ఒక్కడే ఆపగలిగినట్టు. ఆ కట్ట అంతా వేన్నీళ్ల పొయ్యిలో పెట్టింది అమ్మ. అయినా అందరికీ తెలిసింది. తెలిసినవాళ్లెవరూ మా ఇంటి ముఖం చూడలేదు. ఎదురైతే పక్కకి చూసేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు. పలకరిస్తే నాన్న సిగ్గుపడతాడని అలా చేశారు. మా వైపు అదే మర్యాద. చూసీ చూడనట్టుండటం. నాన్నకి మాత్రం ఆ పేపర్లో పేరు పడ్డ రోజు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆయన వీధిలో తలెత్తి నడవడం నేను చూడలేదు.

హెరాల్డ్ అలా అయిపోతాడనుకున్నాను. పోస్టాఫీసులో, రింకులో, ఆ కాఫీ బల్ల దగ్గర తల దించుకుని నడిచే హెరాల్డ్ కళ్ల ముందు కనిపించాడు. ఆ వరస సెలెక్ట్ చేసి తీసేశాను. కింద ఉన్న పేరు పైకి జరిగింది. ఖాళీ కూడా మిగల్లేదు.

ఇక్కడితో ఆగితే జాలిపడి చేసిన పని అనుకోవచ్చు. ఆగలేదు. జాబితా పంపే ముందు డోరీన్ అసలు పుస్తకంతో సరిచూస్తుంది. ఆ ఏడు ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలు, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది. అందుకని నన్ను పుస్తకంలోంచి గట్టిగా చదవమంది. నేను చదువుతుంటే ఆవిడ కాగితం మీద ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి టిక్కులు పెట్టింది. హెరాల్డ్ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతులో ఏ తేడా రాకుండా తర్వాతి పేరుకి వెళ్లిపోయాను. ఆవిడ సంతకం పెట్టింది. థాంక్యూ, నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో అంది.

ఎందుకు చేశావని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆయనకి ఒక ఏడాది గడువు ఇద్దామనుకున్నాను. ఈలోపు ఎలాగో సర్దుకుంటాడు అనుకున్నాను. మరి ఆయన ఇంటికి వెళ్లి, హెరాల్డ్ గారూ, ఆ కవర్లు తెరుద్దాం రండి, అని ఎందుకు అనలేదు? అటు నాలుగు వీధులే కదా. డబ్బా ఎక్కడుందో తెలుసు కదా. నాకు డ్రైవింగ్ నేర్పిన మనిషి ముందు నిలబడి బాకీ మాట ఎత్తడానికి నాకు ముఖం చెల్లలేదు. అంటే నేను తప్పించింది ఆయన సిగ్గునా, నా సిగ్గునా? చాలాకాలం ఆయనదే అని వాదించుకున్నాను. ఇప్పుడు ఆ వాదన నాతోనే నెగ్గడం లేదు.

పత్రిక వచ్చింది. హెరాల్డ్ పేరు లేదు. ఊళ్లో ఏమీ జరగలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను కూడా. ఎవరికీ తెలియకుండా ఒక మంచిపని చేశానని.

జనవరిలో ఒక ఉదయం ఆఫీసుకి నడిచి వెళ్తుంటే హెరాల్డ్ కనిపించాడు. డెబ్బై దాటిన మనిషి, ముక్కు ఎర్రబడిపోయి, పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు. తన ఇంటి ముందు కాదు, మూడిళ్లవతల గ్లెన్ ఇంటి ముందు. గ్లెన్ కాఫీ బల్ల మనిషే, రిటైరైన రైతు, హెరాల్డ్‌కి చిన్నప్పటి స్నేహితుడు.

"ఇది గ్లెన్ గారి ఇల్లు కదండీ," అన్నాను.

"గ్లెన్‌దే." పార మీద రెండు చేతులూ ఆన్చి కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. "నీకొక మాట చెబుతాను, ఎవరితోనూ అనకు."

"అనను."

"నేను పన్ను కట్టలేదు. ఐరీన్ పోయాక ఆ కవర్లంటేనే భయం. పేపర్ వచ్చే రోజు కోసం చూస్తూ కూర్చున్నా, నా పేరు ఉంటుందని. రెండుసార్లు చదివా. లేదు."

నేను బూటుతో అంచున ఉన్న మంచు తోశాను.

"ఎవరో కట్టేశారు," అన్నాడు. "ఇక్కడ అంతే, చెప్పి చేయరు. అడిగినా ఒప్పుకోరు. గ్లెనే అయ్యుంటాడు. పేపర్ వచ్చిన వారమంతా వాడు దాని ఊసే ఎత్తలేదు నా దగ్గర. అందుకే ఈ చలికాలం వాడి మంచు నేనే ఎత్తుతున్నా. నాకు చేతనైంది ఇదే."

"ఆయన కాకపోతే?"

"కాకపోతే ఇంకెవరో. నువ్వు ఆఫీసులో ఉంటావు, నీకు తెలిసే ఉంటుంది." నా ముఖంలోకి చూశాడు. "పేరు చెప్పొద్దు. గ్లెనేనా కాదా, అంతే."

అప్పుడు చెప్పాల్సింది. ఎవరూ కట్టలేదండీ, మీ పేరు నేను తీసేశాను, పదండి ఇప్పుడే వెళ్లి చూద్దాం, అనాల్సింది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆయనకి నా మీద కోపం వచ్చినా ఒక రోజు ఉండేదేమో. బకాయి అప్పటికింకా చిన్నదే.

"నాకు తెలీదండీ," అన్నాను.

"సరేలే, నువ్వు చెప్పకూడదు," అని నవ్వాడు. "లెనీ ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు. ఇల్లు పోతుందేమోనని బెంగపెట్టుకున్నాడు పాపం."

మళ్లీ పార ఎత్తాడు. నేను ఆఫీసుకి వెళ్లి కోటు విప్పకుండానే చాలాసేపు కుర్చీలో కూర్చున్నాను. పేరు తీసేయడం తప్పే, కానీ నన్ను అడిగితే నా అసలు తప్పు ఆ ఉదయం చేసిందే. మొదటిసారి ఏమవుతుందో నాకు తెలియదు. రెండోసారి ఏమవుతోందో కళ్లారా చూశాను. తెలిసీ, లేని దయకి ఆ ముసలాయన చలికాలమంతా మంచెత్తి రుణం తీర్చుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. పీఆర్ ఫైలు నడుస్తోంది, ఇప్పుడు బయటపడితే ఉద్యోగం పోతుంది, పీఆర్ రాగానే చెబుతాను అనుకున్నాను. ఏప్రిల్‌లో పీఆర్ వచ్చింది. సస్కటూన్ వెళ్లి స్నేహితులతో బిర్యానీ తిని వచ్చాను. చెప్పలేదు. కాబట్టి పీఆర్ కూడా కారణం కాదన్నమాట.

ఏడాది తిరిగింది. మళ్లీ జాబితా. హెరాల్డ్ బకాయి రెండేళ్ల పన్నూ జరిమానాలూ కలిసి బాగా పెరిగిపోయింది. ఈసారి తీసే ధైర్యం లేక ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. పత్రిక వచ్చిన మర్నాడు గ్లెన్ ఆఫీసులోకి వచ్చాడు. అంత పెద్ద మనిషి, టోపీ చేతిలో నలుపుతూ కౌంటర్ ముందు నిలబడ్డాడు. డోరీన్ లేచి వచ్చింది. నేను ప్రింటర్ దగ్గర ఉన్నాను.

"పోయినేడు హెరాల్డ్ పేరు ఎందుకు లేదు?" అన్నాడు. "రెండేళ్ల బకాయి ఉంటే పోయినేడు కూడా ఉండాలి కదా. మేం ఏటా ఈ జాబితా ఆ బల్ల దగ్గర పైనుంచి కిందికి చదువుతాం. ఎవరి పేరుంటే వాళ్లింటికి మర్నాడు ఒకరం వెళ్తాం. కవర్లు తెరుస్తాం, ఇక్కడికి తీసుకొచ్చి నెలనెలా కట్టేలా మాట్లాడతాం. మా నాన్నకీ అలాగే చేశారు. ఇది వేసేది అందుకే అనుకున్నాం మేం. పేరు లేకపోయేసరికి ఐరీన్ అన్నీ సర్దిపెట్టి పోయిందనుకున్నాం."

గ్లెన్ గొంతు తగ్గించాడు.

"చలికాలమంతా నా మంచు ఎత్తాడు. తోచక చేస్తున్నాడనుకున్నా. ఇవాళ వెళ్తే తలుపు తీయలేదు. నేనేదో కట్టాననుకున్నాడట. కట్టకుండానే ఊరికే పని చేయించుకుని నవ్వుకున్నానట. లోపల్నుంచే అరిచాడు."

డోరీన్ కళ్లజోడు తీసి కౌంటర్ మీద పెట్టింది. "నా కళ్లు, గ్లెన్," అంది. "అప్పటికి ఆపరేషన్ కాలేదు. సరిచూసింది నేనే. నేనే వదిలేసి ఉంటాను."

నాకు నోరు తెరుచుకుంది. ఆ సంగతి గుర్తుంది, పెదాలు విడిపోయాయి. మాట రాలేదు. ప్రింటర్‌లోంచి ఏదో కాగితం వస్తుంటే దాన్ని అందుకున్నాను. డోరీన్ కౌన్సిల్ ముందు కూడా అదే చెప్పింది. ఆ కళ్లకి పుస్తకం చదివి వినిపించింది నేనే అన్న సంగతి ఆవిడకి గుర్తు రాలేదో, గుర్తొచ్చినా నన్ను అనుమానించడం ఆవిడ వల్ల కాలేదో తెలియదు. ఇంకో ఏడాది పనిచేయాలనుకున్న మనిషి ఆ చలికాలమే రిటైరైంది. వీడ్కోలు రోజున కేకు కోస్తూ, నా కుర్చీలో ఈ అమ్మాయినే కూర్చోబెట్టండి, దీని కళ్లు బాగున్నాయి, అని నవ్వింది. ఆ కుర్చీలోనే ఉన్నాను ఇప్పుడు.

కాఫీ బల్లవాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లారు. తలా కొంత వేసుకుని కూడా వచ్చారు. హెరాల్డ్ తలుపు తీయలేదు. మొదటి ఏడే అయితే తీసేవాడు. నేను ఆయనకి అవమానం తప్పిద్దామనుకున్నాను కదా, ఏడాది పాటు దాన్ని పెంచి పెద్దచేసి ఇచ్చాను. సిటీ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుకి ఇల్లు అమ్మి, బకాయి తీర్చి, ఇక్కడికి గంట దూరంలో ఉన్న వృద్ధుల హోముకి అన్నదమ్ములిద్దరూ వెళ్లిపోయారు. ఆ కాంట్రాక్టరు ఇల్లు పడగొట్టి రెండు కొత్త ఇళ్లు కట్టాడు. వాటికి పర్మిట్ ఇచ్చింది నేనే.

హోము మంచిదే. గోడలకి పట్టుకోవడానికి కమ్మీలున్నాయి, నర్సులు ప్రేమగా చూస్తారు. కానీ అక్కడ కుర్చీలు రోజుకో చోట ఉంటాయి. లెనీ రెండుసార్లు పడ్డాడు. మూడోసారి పడ్డాక ఇక కుర్చీలోంచి లేవడం మానేశాడు. తన టీ తను పెట్టుకునే మనిషి, కప్పు చేతికిచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటున్నాడు. రెండో చలికాలం హెరాల్డ్ పోయాడు. అంత్యక్రియలకి కాఫీ బల్లవాళ్లందరూ కోట్లు వేసుకుని వచ్చి చివరి వరసలో నిలబడ్డారు. లెనీ వాళ్లని పెట్టె ముట్టుకోనివ్వలేదు. అంత్యక్రియలు జరిపించే సంస్థ పనివాళ్లే మోశారు. అప్పుడు లెనీ మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది ఎవరనుకున్నారు? నేనే.

అప్పటి నుంచి నెలకి రెండు ఆదివారాలు వెళ్తాను. గోళ్లు కత్తిరిస్తాను, వారపత్రిక చదివి వినిపిస్తాను. నా అడుగు చప్పుడు పట్టేసి నా పేరు పిలుస్తాడు. ఒకప్పుడు నేను లెనీ గారూ అంటే సిగ్గుపడి నవ్వేవాడు, ఇప్పుడు అది లేకుండా పిలిస్తే ఊరుకోడు. ఇదంతా ప్రాయశ్చిత్తం అనుకునేరు. కాదు. ఆయన దగ్గర కూర్చుంటే నాకు హాయిగా ఉంటుంది, అందుకు వెళ్తాను. నేను పాడుచేసిన జీవితం దగ్గరే నాకు అంత ప్రశాంతంగా ఎలా ఉంటుందో నాకే అర్థంకాదు. సిగ్గుగానూ ఉంటుంది. ఆయనంటే నాకు ప్రాణం. అది మాత్రం అబద్ధం కాదు.

పోయిన ఆదివారం వెళ్లేసరికి హోము వరండాలో గ్లెన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎనభైకి దగ్గరపడ్డాడు, కర్రతో నడుస్తున్నాడు. మనవరాలు కారులో దింపి వెళ్లిందట. ఆరేడేళ్లుగా పండక్కీ పుట్టినరోజుకీ వస్తూనే ఉన్నాడని నాకు ఆ రోజే తెలిసింది. వచ్చిన ప్రతిసారీ లెనీ ముఖం గోడవైపు తిప్పేసుకుంటాడట. ఒక్క మాట కూడా మాట్లాడడట. మా అన్న చేత మంచు ఎత్తించుకున్నవాడు, అని నర్సులకి చెబుతాడట.

గ్లెన్ నా చేతిలో ఒక సంచీ పెట్టాడు. వెచ్చగా ఉంది. దాల్చినచెక్క పొడి వేసిన సినమన్ బన్నులు, ఆయన భార్య చేసినవి.

"నేనిస్తే తీసుకోడు," అన్నాడు. "నువ్విచ్చావని చెప్పు. నీ మాట వింటాడు."

తీసుకున్నాను. లోపలికి వెళ్లి ఒక బన్ను ముక్కలు చేసి లెనీ చేతిలో పెట్టాను. మెల్లగా తిన్నాడు. వేళ్లు నాక్కున్నాడు. ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావు అని అడిగాడు. నేను రుమాలుతో ఆయన గడ్డం తుడిచాను. కిటికీలోంచి చూస్తే గ్లెన్ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు, మనవరాలి కారు కోసం. లెనీకి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క చిన్నప్పటి స్నేహితుడు పది అడుగుల దూరంలో చలిలో కూర్చుని ఉన్నాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది గోడ ఒక్కటే కాదు. నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఐదు రోజులు పట్టింది. డోరీన్ సస్కటూన్‌లో కూతురి దగ్గర ఉంటోంది, క్రిస్మస్ కార్డులో ఇప్పటికీ నా కళ్ల గురించి జోకు వేస్తుంది. హెరాల్డ్‌కి చెప్పే వీలు లేదు. మిగిలింది లెనీ, గ్లెన్. చెబితే లెనీ నా చెయ్యి వదిలేస్తాడు. వదిలేసి గ్లెన్ చెయ్యి పట్టుకుంటాడేమో కూడా. అలా జరగాలని కోరుకునేంత మంచిదాన్నా నేను? రాస్తున్నంతసేపూ అడుగుతూనే ఉన్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

కానీ ఆ వాక్యం ఉంది కదా, మొదట్లో చెప్పాను. అది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. పైకి అనలేదు. ఇప్పుడు రాస్తాను. డోరీన్ కళ్లు కాదు. గ్లెన్ చేసిన మోసం కాదు. హెరాల్డ్ పేరు తీసేసింది నేను.

రాశాక లేచి మంచినీళ్లు తాగాను. తొమ్మిదేళ్ల తర్వాత నీళ్లు నేరుగా గొంతు దిగాయి. ఎల్లుండి మళ్లీ ఆదివారం.